మసిగుడ్డకు పట్టిన మహర్దశ

ఆ రోజు పొద్దున మైమూనా పెట్టుకున్న పని ఒక్కటే. తాను కుట్టిన కొత్త మసిగుడ్డలతో పప్పు గిన్నె పొయ్యి మీంచి దించాలి. చెయ్యి కాలకూడదు. దించాక అత్త మాబున్నీసా వైపు ఒకసారి చూడాలి. ఆమె ఏమీ అనకపోయినా ఫరవాలేదు, చూస్తే చాలు.

నరసరావుపేట బజారులో బాజీ పరుపుల కొట్టంటే తెలియనివాళ్ళు తక్కువ. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఏకిన దూది ఇంట్లో ఎప్పుడూ ఉండేదే, పరుపు గుడ్డల కత్తిరింపులకూ కొదవ లేదు. బాజీ భార్య మైమూనా గురజాలలో పుట్టి, అమ్మమ్మ పక్కన కూర్చుని బొంతలు కుట్టడం నేర్చుకున్న మనిషి. ఆమె కుట్టు చీమల బారులా తిన్నగా నడుస్తుందని అక్కడ పేరు. అత్తగారింటికొచ్చాక మాత్రం ఆ పనితనమంతా పరుపుల మూతులు కుట్టడానికే సరిపోయింది. పరుపు మూతి ఎంత అందంగా కుట్టినా పైన దుప్పటి పరుస్తారు గనక, దాన్ని చూసే నాథుడుండడు. ఆ దిగులు మైమూనాకు లోపల ఎక్కడో ఉండేది. ఎవరితోనూ అనలేదు.

మొన్నామధ్య చిల్లులు పడ్డ పాత గుడ్డతో ఎసరు దించబోయి వేళ్ళు కాల్చుకుంది. ఆ మంటలోనే ఆలోచన పుట్టింది. బొంత మనిషంత ఎందుకుండాలి? అరచేయి పట్టేంత ఉంటే సరిపోదా? వెంటనే కత్తిరింపులు ముందేసుకుని కూర్చుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముక్కల్ని త్రికోణాలుగా అతికి, మధ్యలో దూది దట్టంగా పరిచి, పైనుంచి దగ్గర దగ్గరగా బొంత కుట్టు వేసింది. చుట్టూ నల్ల అంచు. పొయ్యి పక్కన మేకుకు తగిలించుకోవడానికి మూలన చిన్న చెవి. కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి, ఒక జత తయారైంది. పూర్తయ్యాక చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటే ఆమెకే ముచ్చటేసింది.

పప్పు ఉడుకుతోంది. మైమూనా మేకు మీంచి గుడ్డలు తీయబోతుండగా వెనకనించి మాబున్నీసా చెయ్యి చాపి వాటిని అందుకుంది.

"ఏందే ఇయ్యి?"

"మసిగుడ్డలు అత్తా. గిన్నెలు దించుకోడానికి కుట్టా."

"ఇంత మంచి పనిని మసి చేస్తావా? నీకేమన్నా బుద్ధుందా?"

"కుట్టిందే దానికి గదా అత్తా!"

"నోరు ముయ్యి. నమాజు చేసుకునే చాప తల ఆనే కాడ చినిగి నుదురు గుచ్చుకుంటంది. నాకు కొలత తీసి కుట్టినట్టుంది ఇది." అంటూ ఒకటి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మైమూనా గుమ్మం దాకా వెంటపడి ఆగింది. నమాజులో అత్త నుదురు ఆనించే గుడ్డను ఇక వంటింట్లోకి తెమ్మని ఏ నోటితో అడుగుతుంది? పోనీలే, రెండోది ఉందిగా అనుకుంటూ దాన్ని పట్టుకునేలోగా కొట్టులోంచి బాజీ వచ్చాడు.

"ఏమే, ఇది నువ్వు కుట్టిందేనా? చానా బాగుందే! ఇట్టా తే, కొట్టు గుమ్మానికి తగిలిస్తా. మన కుట్టు ఎట్టుంటదో వచ్చినోళ్ళకి తెలుస్తది."

"అది మసిగుడ్డయ్యా! పప్పు దించాల."

"ఊరుకోవే. మసిగుడ్డకి ఎవురన్నా చెవి పెడతారా? తగిలించుకోడానికేగా పెట్టావు?"

పొయ్యి పక్కన తగిలించుకోవడానికని చెప్పే సరికి అతను కొట్టులో ఉన్నాడు. ఆ పూట పప్పు గిన్నె పాత గుడ్డతోనే దిగింది. మైమూనా బొటనవేలు మళ్ళీ చురుక్కుమంది.

గుమ్మానికి వేలాడుతున్న దాన్ని చూసి సగం మంది పరుపు నమూనా అనుకున్నారు. "ఎవురికయ్యా ఈ పరుపు, పిల్లిపిల్లకా?" అని ఒకాయన పరాచికాలాడి కూడా వెళ్ళాడు. ఎదురుగా కిరాణా కొట్టు హనుమయ్య భార్య విశాలాక్షి కన్ను మాత్రం చూడగానే దాని మీద పడింది. రోడ్డు దాటి నేరుగా మైమూనా దగ్గరికే వచ్చింది.

"అమ్మాయ్, నాకూ ఒక జత కుట్టిపెట్టవే. చేతి కుట్టా, మిషను కుట్టా అయ్యి?"

"చేతి కుట్టే పిన్నీ. గిన్నెలు దించుకునే గుడ్డలయ్యి. వంటింట్లోకి. వాడతావుగా?"

"వాడకపోతే దేనికమ్మా!"

మైమూనా పొంగిపోయింది. అత్తా మొగుడూ కాదన్నా, పరాయి ఇంట్లోనైనా తన గుడ్డ పొయ్యి మొహం చూడబోతోంది. అంతే శ్రద్ధగా ఇంకో జత కుట్టి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. కొన్నాళ్ళాగి, చెయ్యి కాలడం లేదు గదా అని అడుగుదామని మళ్ళీ వెళ్ళింది. విశాలాక్షి ఆమెను వంటింట్లోకి కాక దేవుడి గది గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. రెండు దీపపు కుందులు రెండు గుడ్డల మీద కొలువుదీరి ఉన్నాయి.

"చూడు ఎంత నిండుగా ఉందో! నిన్న వచ్చిన పేరంటాళ్ళందరూ దీపాల్ని ఒదిలేసి వాటి కిందయ్యి చూశారే అమ్మాయ్."

"గిన్నెలకి అన్నావుగా పిన్నీ..."

"గిన్నెలదేముంది, ఏ పాత గుడ్డైనా చాలు. నీ చేతి పనిని పొయ్యి కాడ పెడితే కళ్ళు పోవా?"

మైమూనాకు ఒకే క్షణంలో ఛాతీ ఉబ్బింది, ఏడుపూ వచ్చింది. తన కుట్టు దేవుడి గదిలో దీపం కింద ఉందంటే ఎంత గర్వం! కానీ అది పనికొస్తుందని, చెయ్యి కాలనివ్వదని ఇంతవరకు ఒక్కరికీ తెలియదు. అసలు తనకే తెలియదు.

ఆ పేరంటాళ్ళ నోటి మాటతో బజారంతా గుడ్డలు కావాలంది. మైమూనా ఇచ్చేటప్పుడు ప్రతివాళ్ళకూ మసిగుడ్డ అని చెప్పే ఇచ్చింది. ఒకామె తీసుకెళ్ళి రేడియో కింద వేసింది. ఇంకొకామె రొంపిచెర్ల వియ్యాలవారికి పంపే తాంబూలం పళ్ళెం మీద కప్పింది. ఒకాయన స్కూటరు వెనక సీటు మీద పరిచి, దాని మీద భార్యను కూడా కూర్చోనివ్వలేదు. మసిగుడ్డ అని మైమూనా గట్టిగా అన్నకొద్దీ, పాపం ఎంత అణకువో అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆమె పనితనం అట్లా ఉంచితే, అణకువకు ఊళ్ళో మంచి పేరొచ్చింది.

ఇలా ఉండగా ఆడపిల్లల హైస్కూలు హెడ్మిస్ట్రెస్ జీవరత్నం గారు హాస్టలుకు పరుపులు చెప్పడానికి బాజీ కొట్టుకొచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. మైమూనాను పిలిపించింది.

"దీన్నేమంటారమ్మా?"

"మసిగుడ్డంటారు టీచరమ్మా."

"ఇదిగో, ఈ అణకువే మన కళల్ని ముంచేసింది! మా యానివర్సరీకి జిల్లా నుంచి కొత్త ఆఫీసరమ్మ చీఫ్ గెస్టుగా వస్తున్నారు. మెమెంటో ఏమివ్వాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. నాకో మంచి జత కుట్టిపెట్టు. ఫ్రేము కట్టిస్తాను."

"ఫ్రేమా? అద్దం వేస్తే చెయ్యి ఎట్టా పడతదమ్మా?"

"చెయ్యి పెట్టకూడదనే గదమ్మా అద్దం!"

మైమూనాకు ఒళ్ళు మండింది. కుట్టనంటే కుట్టనని ఇంట్లో తెగేసి చెప్పింది. బాజీ బతిమాలాడు. మాబున్నీసా గడప మీద కూర్చుని, "జిల్లా ఆఫీసరు చేతిలోకి పోయే పని మన వంశంలో ఇంతదాకా ఎవురన్నా చేశారా!" అని గాలికి చెప్పినట్టు చెప్పింది. ఆ గాలి సరిగ్గా మైమూనా చెవిలోకే వెళ్ళింది. కోపం కోపంగానే ఉంది గానీ, చేతులు ఊరుకోలేదు. అప్పటిదాకా కుట్టిన వాటన్నిటినీ తలదన్నే జత తయారైంది. ఎటూ అద్దంలోకే పోతున్నాయి, దూదైనా తగ్గించవచ్చు. అయినా మసిగుడ్డకు ఎంత దూది కావాలో అంతా పెట్టింది. అందులో మాత్రం ఎవరి మాటా వినలేదు.

వార్షికోత్సవం నాడు స్కూలు ఆవరణంతా షామియానా. మైమూనాను ముందు వరసలో కూర్చోబెట్టారు. అటుపక్క బాజీ, మాబున్నీసా, ఇటుపక్క విశాలాక్షి. వేదిక వెనక చెట్టు నీడన రాళ్ళ పొయ్యి మీద పిల్లలందరికీ సరిపడా ఉప్మా గుండిగ. ఆ ఏర్పాట్లన్నీ హనుమయ్యవి. ఆవాలు, కరివేపాకు ఘుమఘుమలు వేదిక దాకా వస్తుంటే పిల్లలు ప్రసంగాలకు కాస్త ముందే చప్పట్లు కొడుతున్నారు, తొందరగా అయిపోతాయేమోనని.

జీవరత్నం గారు మైకు పట్టుకుంది. మామూలు మాటలతో మొదలెట్టి, చప్పట్లు పడుతున్న కొద్దీ చరిత్రలోకి వెళ్ళిపోయింది.

"ఈ కళ ఈనాటిది కాదు! పలనాటి వీరులు యుద్ధానికి బయల్దేరేటప్పుడు, డాలు పట్టిన చెయ్యి కందిపోకుండా వారి ఇల్లాళ్ళు ఇటువంటి మెత్తలు కుట్టి పంపేవారు!"

షామియానా దద్దరిల్లింది. మైమూనా విశాలాక్షి చెవిలో, "పిన్నీ, మా అమ్మమ్మ ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదే!" అంది.

"పెద్దోళ్ళు అన్నీ చెబుతారా ఏందమ్మాయ్. చప్పట్లు కొట్టు."

అప్పటికే బాజీ పక్కనున్నాయనకు, తమ ఇంట్లో ఈ పని ముత్తాతల కాడ్నుంచీ ఉందని చెబుతున్నాడు. మాబున్నీసా తల పైకెత్తి, తానే ఆ మెత్తలు పంపినంత ధీమాగా కూర్చుంది. వేదిక మీద ఆఫీసరమ్మ లేచి నిలబడి రెండు ఫ్రేములూ అందుకుంది. ఫొటోగ్రాఫరు ముందుకొచ్చాడు.

"ఇంతటి ఈ కళాఖండం పేరేమిటంటే..." అంటూ జీవరత్నం గారు ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"మసిగుడ్డ!" అని వేదిక వెనకనించి ఒక పొలికేక వినిపించింది.

ఆఫీసరమ్మ ఉలిక్కిపడి, "ఏమిటన్నారు?" అంది.

"మసిగుడ్డ! ఎవురన్నా మసిగుడ్డ తెండ్రా బాబూ!" హనుమయ్య రొప్పుతూ వేదిక పక్కకు వచ్చి పడ్డాడు. పొయ్యి రాయి ఒకటి పక్కకు జరిగి గుండిగ ఒరిగిపోతోంది. వంటాయన భుజం మీది తువ్వాలు మంటలో పడి సగం కాలింది. కట్టెలు లాగడానికి లేదు, పట్టుకుని దించడానికి గుడ్డ లేదు. ఇంకాస్త ఒరిగితే పిల్లల ఉప్మా అంతా నేలపాలు.

మైమూనా లేచింది. ఎవరో నిజంగా మసిగుడ్డ కావాలని అడుగుతున్నారు! ఇన్నాళ్ళకు ఆ మాట ఇంకొకరి నోట విన్నది. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. వేదిక మెట్లు ఎక్కి, "ఏమనుకోవాకండమ్మా," అంటూ ఆఫీసరమ్మ చేతిలోంచి రెండు ఫ్రేములూ లాక్కుంది.

"ఏమే!" అన్నాడు బాజీ. జీవరత్నం గారు మైకును చేత్తో మూసింది. మాబున్నీసా సిగ్గుతో ముసుగు ముఖం మీదికి లాక్కుంది. కోడలికి మతి పోయిందని అందరూ అనుకుంటుండగానే మైమూనా ఫ్రేములు బోర్లా తిప్పి, వెనక అట్టలు పరపరా చింపి, గుడ్డలు బయటికి లాగి, చెట్టు కిందికి పరుగెత్తింది. ఒకటి వంటాయన చేతికిచ్చింది. రెండోది, తన రెండు చేతులూ దగ్గరగా చేర్చి అడ్డం పెట్టుకుని గుండిగ అంచు పట్టుకుంది.

"ఊ, ఎత్తన్నా!"

గుండిగ లేచింది. పొయ్యి దాటింది. మెల్లగా నేల మీద కూర్చుంది. ఉప్మా ఒక్క ముద్ద కూడా ఒలకలేదు.

మైమూనా చేతులు విప్పి చూసుకుంది. కాలలేదు. కనీసం ఎర్రబడనైనా లేదు. వంటాయన కూడా తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుని, "ఇదేం గుడ్డమ్మా? ఏడి తెలవనే లేదే!" అన్నాడు. ఆ మాటకు ఆమె నిలువునా పులకరించిపోయింది. దేవుడి గదిలో దీపం కింద చూసినప్పుడు కలిగిన గర్వం వేరు, ఇది వేరు. ఇది తన గుడ్డ తానే సంపాదించుకున్న మాట. కళ్ళు తుడుచుకుందామంటే చేతిలో ఉన్నది మసిగుడ్డ.

అప్పటికి సభంతా అక్కడే ఉంది. ఆఫీసరమ్మ జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది.

"నిజం చెప్పమ్మా. దీన్ని దేనికోసం కుట్టావు?"

"గిన్నెలు దించుకోడానికండీ. మొదట్నుంచీ అదే చెబుతన్నా, ఎవురూ ఇనిపించుకోవట్లా."

ఆఫీసరమ్మ గుడ్డ అందుకుని గుండిగ పక్కనున్న వేడి మూత పట్టుకుని ఎత్తింది. దించలేదు, అలాగే పట్టుకుని నిలబడింది. "మా ఇంట్లో వంట నేనే చేసుకుంటాను. ఆఫీసు కాగితాలు మడిచి పాల గిన్నె దించుతుంటాను. వేళ్ళు కాలని రోజు లేదు," అని నవ్వుతూ జీవరత్నం గారి వైపు తిరిగింది. "వీరులు యుద్ధంలో ఏం చేశారో గానీ మేడమ్, నాకు ఫ్రేము వద్దు. ఈ గుడ్డలిస్తే చాలు. రోజూ వాడుకుంటాను."

జీవరత్నం గారు సామాన్యురాలు కాదు. అంతలోనే మైకు దగ్గరికి వెళ్ళి, "ఆ వీరులకు వంట చేసి పెట్టింది కూడా ఇల్లాళ్ళే గదా!" అంది. ఈసారి చప్పట్లు మరీ గట్టిగా మోగాయి. ఆ వెంటనే ఉప్మా వడ్డించారు.

గుడ్డలు ఆఫీసరమ్మ సంచిలో పెట్టేటప్పుడు మైమూనా కంటికి ఒకటి కనిపించింది. పసుపు త్రికోణం మీద బొటనవేలంత మసి మరక. మనసు చివుక్కుమంది. కానీ అంత సంబరంలో ఆ సంగతి ఎవరితో చెబుతుంది?

మర్నాటికి బజారు తీరే మారిపోయింది. దేవుడి గదిలోవి దేవుడి గదిలోనే ఉంటాయి గానీ, వంటింట్లోకి ఇంకో జత కావాలని విశాలాక్షి కబురు పెట్టింది. స్కూటరాయన సీటు మీది గుడ్డను వాళ్ళావిడ వంటింట్లోకి పట్టుకుపోయి, తాను సీటెక్కి కూర్చుంది. బాజీ గుమ్మం దగ్గర వచ్చేపోయేవాళ్ళకు పరుపుల సంగతి మానేసి గుండిగ కథ చెబుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ గుండిగ కాస్త పెద్దదవుతోంది. అన్నిటికంటే వింత, మాబున్నీసా కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "మన ఇంటి పొయ్యికి మాత్రం లేకుండా పోయిందే. మంచిది ఒక జత కుట్టవే తల్లీ," అంది. తల్లీ అన్న పిలుపు ఆ ఇంట్లో మైమూనాకు అదే మొదలు.

ఇక ఆమె కుట్టిన జత గురించి ఏం చెప్పాలి! కొట్టులో కత్తిరింపులు ఆనలేదు. పెట్టె తెరిచి, తన నిఖా నాటి పట్టు జాకెట్టులో మిగిలిన ముక్క తీసింది. చిలకాకుపచ్చ త్రికోణాల మధ్యలో ఆ ఎర్ర పట్టు. కుట్లు ఎంత దగ్గరగా పడ్డాయంటే, బాజీ చూపు ఆనించి చూసి, "దారమేదే, కనపడదే!" అన్నాడు. పొయ్యి పక్కన మేకుకు తగిలించి, మైమూనా వంటింట్లోకి వచ్చినప్పుడల్లా దాన్ని చూసుకుంది. పని లేకపోయినా వచ్చి చూసుకుంది.

తెల్లారి పొయ్యి మీద పాలు పెట్టింది. మాబున్నీసా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళికి తయారైనట్టు వంటింట్లోకి వచ్చింది. "తప్పుకోవే. ఇయ్యాల పాలు నేను దించుతా, నీ గుడ్డతో. సల్లగా ఉండు, ఎంత బాగా కుట్టావే!" అంది. మైమూనా ఎన్నాళ్ళుగానో ఎదురు చూసిన మాట అది. పాలు అంచు దాకా వచ్చాయి. అత్త చెయ్యి మేకు వైపు సాగింది.

"అత్తా! ఆగు!"

"ఏందే, ఏమైంది?"

"అది కాదత్తా! మసైపోద్ది! కొంగు పట్టి దించు!"

మాబున్నీసా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాలు మాత్రం ఆగలేదు.